ఆగి తిరిగి వచ్చినవాడు: వైద్యసేవకుల ఆరోగ్యం గురించి



రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లి పడుకోకుండా నేరుగా ఈ హాలుకే వచ్చిన సిస్టర్లు కొందరు వెనక వరసల్లో కనిపిస్తున్నారు. కునుకు పడితే ఆపుకోకండమ్మా, నిజంగానే అంటున్నాను. ఈ మాటలు తర్వాత పుస్తకంగా వస్తాయి, నిదానంగా చదువుకోవచ్చు. నేను మాట్లాడబోయేది మీ నిద్ర గురించే.

ఈ ఉపన్యాసం ఫాదర్ హయ్యర్ గారి స్మృతికి అంకితం. పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793లో జర్మనీలో పుట్టారు. చిన్నతనంలోనే అమెరికా చేరారు. పాదిరిగా చాలా ఏళ్లు ఊరూరా తిరిగారు. భార్య పోయాక, యాభయ్యో ఏడు దగ్గర పడుతున్న వయసులో, మన దేశానికి ఓడెక్కారు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారు. అమెరికా లూథరన్లు పరదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయన్ని ఆదరించి అండగా నిలిచారు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల లూథరన్ సంఘాలు తమ చరిత్రను ఆ తేదీ నుంచే లెక్కపెట్టుకుంటాయి. గురజాలవాళ్లకైతే ఆయన మరీ దగ్గరివారు, 1849లో తన మకాం అక్కడికే మార్చుకున్నారు కనుక.

అయితే ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఏడు 1842 కాదు, 1849 కాదు. 1845.

1

గుంటూరు వచ్చిన మూడేళ్లకే హయ్యర్ గారి ఆరోగ్యం దెబ్బతింది. 1845లో పని వదిలి అమెరికా తిరిగి వెళ్లిపోయారు. మనం చెప్పుకునే ఆయన కథలో ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది. గుంటూరు రావడం దగ్గర ఆగుతాం, గురజాల వెళ్లడం దగ్గర ఆగుతాం. మధ్యలో ఆయన వెనక్కి వెళ్లడాన్ని మాత్రం ఏదో ఇబ్బందికరమైన విషయంలా తొందరగా దాటేస్తాం.

ఆ రోజుల్లో ఇక్కణ్ణుంచి అమెరికా అంటే నెలల తరబడి ఓడ ప్రయాణం. ఆయనకు యాభై దాటాయి. వెళ్లినవాడు మళ్లీ వస్తాడని ఎవరూ అనుకోని వయసు. ఇక్కడ ఆయన చేతుల మీదుగా మొదలైన బడులున్నాయి, ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న సంఘం ఉంది. ఆయన చోట నిలబడటానికి మనుషులు చాలా తక్కువ. ఈ హాల్లో ఉన్న మీలో ఎంతోమంది ప్రతి వారం ఏ కారణాలు చెప్పి సెలవు పెట్టడం మానేస్తున్నారో, ఆ కారణాలన్నీ ఆయనకూ ఉన్నాయి. అయినా వెళ్లారు.

వెళ్లి బాల్టిమోర్‌లో ఒక సంఘాన్ని నెలకొల్పారు. ఆ పని చేసుకుంటూనే వైద్యం చదువుకున్నారు. ఒళ్లు కోలుకున్నాక 1847లో మళ్లీ మన వైపు బయల్దేరారు. మొదటిసారి వచ్చినది పాదిరి. రెండోసారి వచ్చినది పాదిరీ, డాక్టరూ కూడా. గురజాలకు వెళ్లినది ఆ రెండోసారి వచ్చిన హయ్యర్ గారు. 1845లో ఆయన ఆగకపోయి ఉంటే పల్నాడుకు ఆ వైద్యుడు లేడు.

ఆ రోజుల పల్నాడులో డాక్టరుగా ఉండటమంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. జ్వరాలతో కాపరం. ఈ ప్రాంతానికీ జ్వరానికీ చాలా పాత పరిచయం. మాచర్ల పక్కన నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల నాటి శాసనం ఒకదానిలో ‘విగతజ్వరాలయం’ అన్న మాట ఉంది. జ్వరపడినవాళ్లు కోలుకునే శాల అని పండితులు దానికి అర్థం చెబుతారు. అంటే 3వ శతాబ్దంలోనే ఇక్కడ జ్వరానికి ఒక ఇల్లు ఉందన్నమాట. మరి మలేరియా దోమ వల్ల వస్తుందన్న సంగతి ఎప్పుడు తేలింది? 1897లో, సికింద్రాబాదులో, రొనాల్డ్ రాస్ దోమను కోసి చూసినప్పుడు. హయ్యర్ గారు గురజాలలో ఉన్నది దానికి దాదాపు యాభై ఏళ్ల ముందు. తనకు జ్వరం ఎటునుంచి వస్తుందో తెలియకుండానే ఎదుటివాడి జ్వరానికి మందిచ్చిన మనిషి ఆయన.

తర్వాత ఆయన మరోసారి అమెరికా వెళ్లారు. 1869లో, డెబ్భై ఆరేళ్ల వయసులో, రాజమండ్రి మిషన్ లూథరన్ల చెయ్యి దాటిపోకుండా కాపాడటానికి మూడోసారి వచ్చారు. 1873లో, ఎనభై ఏళ్ల వయసులో, ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు. మొదటి జబ్బుతోనే పట్టుదలకు పోయి గుంటూరులో ఉండిపోయి ఉంటే ఆ తర్వాతి సేవ మనకు దక్కేదో లేదో చెప్పలేం. ఆయన ఆగాడు కనుకనే తిరిగి రాగలిగాడు. నా మాట మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

2

మరి మనం ఆదర్శంగా ఎవరిని పెట్టుకున్నాం? ఆగనివాళ్లను. ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే వాళ్లు మన తల్లులు.

డాక్టర్ అన్నా శారా కుగ్లర్ పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1883లో గుంటూరు వచ్చారు. మిషన్ బోర్డు ఆమెను పంపింది వైద్యం చేయడానికి కాదు, చదువు చెప్పడానికి. అయినా ఆమె మందుల సంచి పక్కన పెట్టలేదు. మగ డాక్టరు ముందు నిలబడలేని ఆడవాళ్లు కాన్పుల్లో, జ్వరాల్లో ప్రాణాలు వదులుతున్న రోజులవి. ఇళ్లకు వెళ్లి చూస్తూ, చందాలు పోగుచేస్తూ, చివరికి ఆసుపత్రి కట్టించారు. ఇవాళ కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరు, పల్నాడుల్లో తెలియని ఇల్లు లేదు. ఏలూరు రాజా భుజంగరావు గారు, ఆయన హిందువు, ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రికి వచ్చేవాళ్ల కోసం సత్రం కట్టించారు. కైసర్-ఇ-హింద్ పతకం ఆమెకు దక్కింది. చివరి ఏళ్లలో పెర్నిషియస్ ఎనీమియా, అంటే నెత్తురు తయారవడమే తగ్గిపోయే జబ్బు, ఆమెను పట్టుకుంది. 1930 జూలై 26న గుంటూరులోనే పోయారు.

సిస్టర్ మేరీ గ్లౌరీ గారిది ఇంకో కథ. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎం.డి. చేసిన కంటి డాక్టరు. 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. (యేసు, మరియ, యోసేపు) సభలో కన్యాస్త్రీగా చేరారు. కన్యాస్త్రీలు వైద్యం చేయకూడదన్న నియమం ఉన్న కాలంలో, పోపుగారి ప్రత్యేక అనుమతితో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిలో వైద్యం చేశారు. తెలుగువాళ్ల ఆకులూ వేళ్లూ, నాటుమందుల గుణం కూడా శ్రద్ధగా తెలుసుకుని వాడారు. ఎన్నో ఏళ్లు ఆ ఆసుపత్రికి డాక్టరంటే ఆమె ఒక్కరే. 1927 నుంచి 1936 వరకు పదేళ్లలో అక్కడ చూసిన రోగుల సంఖ్య ఆరు లక్షలు దాటింది. కాన్సర్‌తో నరకయాతన పడి 1957లో బెంగుళూరులో పోయారు.

ఆ ఆరు లక్షల అంకెను మనవాళ్లు వేదికల మీద గర్వంగా చదువుతారు. నేనూ గర్వపడతాను. కాని వైద్యుణ్ణి కనుక ఆ అంకె వినగానే నాకు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: ఆ పదేళ్లలో ఆమె నాడి పట్టి చూసినవాళ్లెవరు?

ఆ అలసట దేవుడు కోరి పెట్టిన వ్రతం కాదు. రెండో డాక్టరు లేకపోవడం వల్ల వచ్చింది. లేమి వల్ల వచ్చిన దాన్ని మనం పవిత్రతగా మార్చేశాం, అక్కడే పొరపడ్డాం. ఆ ఇద్దరూ తమ ఒంటరితనాన్ని మనకు వారసత్వంగా ఇవ్వాలనుకోలేదు. కుగ్లర్ గారు తెలుగు అమ్మాయిలకు నర్సింగు నేర్పించింది ఎందుకు? తన తర్వాత ఒక్కరే మిగలకూడదని. గ్లౌరీ గారు 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రులను ఒక సంఘంగా కలిపింది ఎందుకు? ఎవరి ఆసుపత్రిలో వాళ్లు ఒంటరిగా కొట్టుకోకూడదని. ఆ సంఘం ఇవాళ సికింద్రాబాదు నుంచి పనిచేస్తోంది. కాథలిక్ వైద్య కళాశాల ఒకటి ఉండాలని ఆమె కన్న కల ఆమె పోయిన ఆరేళ్లకు, 1963లో, బెంగుళూరు సెయింట్ జాన్స్ కళాశాలగా నిజమైంది. మనం వాళ్ల అలసటను అనుకరిస్తున్నాం. అనుకరించవలసింది ఆ అలసటను పోగొట్టడానికి వాళ్లు చేసిన పనిని.

3

ఇప్పుడు వాక్యం దగ్గరికి వస్తాను. యేసు సిలువ ఎత్తుకోమన్నాడు కదా, తన్ను తాను ఉపేక్షించుకోమన్నాడు కదా అని మీలో కొందరి మనసుల్లో మెదులుతోందని నాకు తెలుసు. ఆ మాటలున్నాయి, కాదనను. మిగిలినవీ చదవాలి.

నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తుంటాడు. జనం బారులు తీరి నిలబడి ఉంటారు. మన ఓపీ అచ్చం అదే. చూడవచ్చిన మామ యిత్రో, అల్లుణ్ణి మెచ్చుకోలేదు. ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు, ఇది మంచి పద్ధతి కాదన్నాడు. చూడండి, యిత్రో రెండు పక్షాలనూ కలిపే మాట్లాడాడు. డాక్టరు నలిగితే రోగీ నలుగుతాడు. విరుగుడుగా ఆయన ధ్యానం చేసుకోమనలేదు. పని పంచమన్నాడు. వెయ్యిమందికి ఒకణ్ణి, వందమందికి ఒకణ్ణి, యాభైమందికి, పదిమందికి అని లెక్క వేసి ఇచ్చాడు. బైబిల్లో మొదటి డ్యూటీ రోస్టరు అదే.

ఏలీయా సంగతి మీకు కంఠతా వచ్చు. కర్మెలు కొండ మీద గెలిచి వచ్చిన మనిషి, బదరీచెట్టు కింద కూలబడి, ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. ఇవాళ ఎవరైనా సిస్టరు ఆ మాటంటే మనం ఏమంటాం? విశ్వాసం తగ్గింది, ప్రార్థన చేసుకో అంటాం. దేవుడు అలా అనలేదు. దూతను పంపి నిద్రపోనిచ్చాడు, వేడి రొట్టె, నీళ్ల కుండ తల దగ్గర పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినిపించాడు. మాట్లాడటం ఆ తర్వాత. నిద్ర, తిండి, మళ్లీ నిద్ర, మళ్లీ తిండి, అప్పుడు కొండ మీద మెల్లని స్వరం. ఈ వరస తారుమారు చేసే అధికారం మనకెవరిచ్చారు?

మార్కు 6వ అధ్యాయంలో శిష్యులకు భోంచేయడానికైనా తీరిక లేనంతమంది జనం వచ్చి పోతుంటే, యేసు వాళ్లను ఏకాంతంగా వచ్చి కొంచెం విశ్రమించమన్నాడు. జనం అక్కడికీ వెంటపడ్డారు, ఆయన కనికరించాడు, నిజమే. కాని విశ్రమించమన్న ఆజ్ఞను వెనక్కి తీసుకోలేదు.

మనం అమరావతిలో ఉన్నాం. మహాచైత్యం నిలిచిన ఊళ్లో ఉండి, బౌద్ధుల వినయపిటకంలోని ఒక సంగతి తలచుకోకుండా పోవడం నాకు ఇష్టం లేదు. ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలంలోనే పడి ఉంటే, తోటి భిక్షువులెవరూ పట్టించుకోలేదు. బుద్ధుడే ఆనందుడితో కలిసి అతన్ని కడిగి పడుకోబెట్టాడు. తర్వాత భిక్షువులను పిలిచి, మీకిక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని చూసేదెవరు అని అడిగాడు. నర్సింగ్ హాస్టల్లో జ్వరంతో మూడంకె వేసుకుని పడుకున్న పిల్లను చూసినప్పుడల్లా నాకు ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

4

మన ఆసుపత్రుల్లో ఎక్కువమంది డాక్టర్లు కారు, నర్సులు. ఆ నర్సుల్లో చాలామంది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి చదువుకుని వచ్చిన మొదటి తరం ఆడపిల్లలు. ఆ జీతం మీద తమ్ముడి చదువు, నాన్న మందులు, చెల్లి పెళ్లి, ఇంటి అప్పు ఉంటాయి. సెలవు పెడితే జీతం కోత, లేదా ఓవర్‌టైమ్ పోతుంది. వాళ్లతో సమగ్ర ఆరోగ్యం గురించి మాట్లాడుతూ యోగా చేయండి, డైరీ రాయండి అని చెప్పి వెళ్లిపోవడం అన్యాయం. ఒళ్లు, మనసు, ఇల్లు, ఆత్మ ఈ నాలుగూ ఒక మనిషిలో కలిసే ఉంటాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే మిగిలినవీ కదులుతాయి.

మొదట ఒళ్లు. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, నెత్తురులో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. నరసరావుపేట రోడ్డు మీద పోలీసులు ఆపేసే స్థితిలో మనం లేబర్ రూములోకి మనుషుల్ని పంపుతున్నాం. దీన్ని త్యాగం అనడానికి నాకు నోరు రాదు. అక్కడ పడుకున్న తల్లి ఈ త్యాగానికి ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు కాన్సర్‌కు కారణమయ్యే అవకాశం గట్టిగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది.

ఇక ఈ హాల్లో చేతులెత్తించి అడిగితే నాకు భయం, అందుకని అడగను, మీరే మనసులో చెప్పుకోండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారా? వేయించుకున్నాక యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నారా? బీపీ చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు? రెండు వారాలు దగ్గు ఆగకపోతే రోగికి కఫం పరీక్ష రాస్తారు కదా, మీ దగ్గుకు ఏం చేశారు? డాక్టర్లకు డాక్టరు ఉండడు. వార్డులో ఎదురుపడిన స్నేహితుణ్ణి అడిగి మాత్ర వేసుకోవడమే మన వైద్యం. 2017లో షికాగోలో ప్రపంచ వైద్య సంఘం జెనీవా ప్రతిజ్ఞను మార్చినప్పుడు, వైద్యుడు తన ఆరోగ్యాన్నీ కాపాడుకోవాలన్న మాటను ప్రతిజ్ఞలోనే చేర్చింది, రోగికి ఉత్తమమైన వైద్యం అందించడం కోసమే.

మనసు సంగతి మనం ఇంకా గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో బర్నౌట్‌కు చోటిచ్చింది, జబ్బుగా కాదు, పని వల్ల కలిగే స్థితిగా. సత్తువ హరించుకుపోవడం, పని మీదా మనుషుల మీదా విరక్తి, చేసినదేదీ సరిగా చేయలేదన్న భావన అనే మూడు లక్షణాలు చెప్పింది. రోగిని ‘బెడ్ నంబర్ ఏడు’ అని పిలవడం మొదలుపెట్టిన రోజు అది పాపం అని మీకు మీరే శిక్ష వేసుకోకండి, అది లక్షణం. స్టాన్లీ జోన్స్ లాంటి మహా సువార్తికుడు మన దేశంలో పనిచేసిన తొలి ఏళ్లలో పదేపదే మానసికంగా కుప్పకూలాడు. దాచలేదు, రాసుకున్నాడు. 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే క్రైస్తవ మానసిక వైద్యశాల స్థాపించింది ఆయనే. మనసు చిక్కబట్టినప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. సంఘ సభ్యులకు మీరే ఆ నంబరు ఇస్తుంటారు. మీరు చేయడానికీ అదే నంబరు.

ఆత్మ గురించి ఒక్క మాట, అది పాస్టరుగార్లు నాకన్నా బాగా చెప్పగలరు. ఆసుపత్రి చాపెల్లో ఉదయం ప్రార్థన నడిపించడం పనిలో భాగమైపోయింది. రోగుల కోసం ప్రార్థిస్తాం, ట్రస్టీల కోసం ప్రార్థిస్తాం. మనం నోరు మూసుకుని కూర్చుంటే మన కోసం ఎవరైనా ప్రార్థించే చోటు ఒకటి ప్రతి నర్సుకూ, ప్రతి డాక్టరుకూ కావాలి. ఆ చోట ఆమె సిస్టరు కాదు, మేడమ్ కాదు, ఇంట్లో పిలుచుకునే పేరున్న మనిషి.

5

ఇంత చెప్పి, మీ ఆరోగ్యం మీరే చూసుకోండి అంటే నేను యిత్రో మాట మరిచినట్టే. ఆయన మోషేతో సరిపెట్టలేదు, పద్ధతి మార్పించాడు. అందుకని చివరి మాటలు ఆసుపత్రులు నడిపే పెద్దలతో, సంఘ పెద్దలతో.

జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో రెసిడెంట్ డాక్టర్లు వారానికి 74 గంటలు దాటి పనిచేయకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని సిఫార్సు చేసింది. నా దృష్టిలో 74 కూడా ఎక్కువే. అయినా మన క్రైస్తవ ఆసుపత్రుల్లో ఈ మాత్రం రాతపూర్వకంగా ఒప్పుకున్నవి ఎన్ని? విశ్రాంతి దినాన్ని లోకానికి చాటామని చెప్పుకునే మనం ఈ విషయంలో ప్రభుత్వం కన్నా వెనకబడితే మన సాక్ష్యం ఏమవుతుంది? నైట్ డ్యూటీ దిగిన మనిషిని మీటింగుకు పిలవకూడదు. ఇవాళ నిర్వాహకులు కూడా ఆ పని చేశారు, ఇకముందు చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. నర్సు జబ్బుతో సెలవు పెడితే ఆ రోజు జీతం కోయకూడదు. సంఘాలేమో, ఫిబ్రవరి రెండో ఆదివారం స్వస్థత పరిచర్య ఆదివారమని నర్సులను తెల్లచీరల్లో వేదిక ఎక్కించి పాట పాడిస్తాయి. ఆ రోజు వాళ్లతో పాడించకండి. సంఘమే వాళ్లకు భోజనం వడ్డించి ఇంటికి పంపాలి.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. సెలవు దొరకకపోవడానికి ఎక్కువసార్లు కారణం దుర్బుద్ధి కాదు, బదులు మనిషి లేకపోవడం. నరసరావుపేట, గురజాల, మాచర్లల్లో రిటైరయి ఇంట్లో ఉన్న సిస్టర్లు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేసిన నర్సులు చాలామంది ఉన్నారు. నెలలో రెండు, మూడు రోజులు వచ్చి ఒకరి స్థానంలో నిలబడగలిగితే, ఆ ఒకరు ఊరు వెళ్లి తల్లిని చూసి వస్తారు, లేదా ఊరికే పడుకుంటారు. వాళ్ల పేర్లతో ఒక జాబితా కావాలి. ఎవరి రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో, ఎవరు రాత్రులు రాలేరో, రానుపోను ఛార్జీలు ఎవరిస్తారో అందులో ఉండాలి. ఈ మూడు ఊళ్ల సంఘాలూ, డినామినేషన్లు పక్కన పెట్టి, ఈ సంవత్సరం దాన్ని తయారుచేయగలవు. సభ ముగిశాక ద్వారం దగ్గర బల్ల మీద తెల్లకాగితాలు పెట్టిస్తాను. పేరు, ఊరు, ఏ వార్డులో అనుభవం ఉందో రాసి వెళ్లండి.